ముందు శాతమా, ముందు కూపనా? తగ్గింపుల వరసను సంయుక్త ప్రమేయంతో తేల్చుకోవడం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. ఆషాఢం సేల్‌లో విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక దుకాణంలో మీరు 6,200 రూపాయల బట్టలు తీసుకున్నారు. అన్నింటి మీదా 20 శాతం తగ్గింపు ఉంది. పోయినసారి కొన్నప్పుడు ఇచ్చిన 500 రూపాయల కూపన్లు రెండు మీ దగ్గర ఉన్నాయి, కానీ బిల్లుకు ఒక్కటే చెల్లుతుంది. ఇవి కాక ఒక బ్యాంకు కార్డుతో కడితే, కట్టవలసిన మొత్తం 4,500 రూపాయలు గానీ అంతకు మించి గానీ ఉన్నప్పుడు 10 శాతం, గరిష్ఠంగా 750 రూపాయలు తగ్గుతుంది. కౌంటరులో ముందు కూపన్ తీసేసి, మిగిలిన దాని మీద 20 శాతం తగ్గించి, చివర కార్డు గీశారు. మీరు కట్టింది 4,104 రూపాయలు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయి, ముందు శాతం తగ్గించి ఆ తరవాత కూపన్ తీయాలి గనుక మనకు 100 రూపాయలు నష్టం జరిగిందని అంటోంది. ఆమె లెక్క సరైనదేనా, రెండో కూపన్‌ను శ్రావణంలో ఎలా వాడుకోవాలి అని మీరు అడిగారు.

నేను విజయవాడలో పాతికేళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. అంతకు ముందు నాలుగేళ్లు వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో చిట్టా రాశాను. ఈ రెండు పనులూ చేసినవాడిగా చెబుతున్నాను: శాతం, కూపన్ అనే రెండు తగ్గింపుల వరకే చూస్తే మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. అయితే కార్డు తగ్గింపు కూడా కలిసిన తరవాత, ఆ పాప కోరిన వరసలో బిల్లు వేసి ఉంటే మీరు 4,104 కాదు, 4,460 రూపాయలు కట్టేవారు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చూడటానికి ఇంటర్ లెక్కల్లోని ప్రమేయాలే సరిపోతాయి. ప్రమేయం అంటే ఒక సంఖ్య ఇస్తే ఒక నియమం ప్రకారం మరో సంఖ్యను తిరిగి ఇచ్చేది.

ఒక్కొక్క తగ్గింపును ఒక్కొక్క ప్రమేయంగా రాసుకుందాం. ఏది ఏదో మరిచిపోకుండా ఉండటానికి తెలుగు అక్షరాలే వాడుతున్నాను. ధరను ధ అనీ, శాతం తగ్గింపును శ అనీ, కూపన్‌ను కూ అనీ అనుకుంటే

శ(ధ) = 0.80ధ
కూ(ధ) = ధ − 500

అవుతాయి. ముందు కూపన్, తరవాత శాతం అంటే కూ ఇచ్చిన ఫలితాన్ని శ చేతికి ఇవ్వడం. దాన్ని శ(కూ(ధ)) అనీ, సంయుక్త ప్రమేయంగా (శ∘కూ)(ధ) అనీ రాస్తాం. ఇక్కడ చాలామంది పిల్లలు తడబడతారు. రాతలో శ ముందు కనిపిస్తుంది కాబట్టి శ ముందు జరిగిందనుకుంటారు, కానీ ధరకు దగ్గరగా, కుండలీకరణాల్లో అన్నిటికంటే లోపల ఉన్నదే ముందు పనిచేస్తుంది. కాబట్టి కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి.

(శ∘కూ)(ధ) = 0.80(ధ − 500) = 0.80ధ − 400
(కూ∘శ)(ధ) = 0.80ధ − 500

మీ 6,200 రూపాయలకు మొదటిది 4,560, రెండోది 4,460. తేడా సరిగ్గా 100. మీ అమ్మాయి ఇంతవరకు లెక్క కట్టిందని అర్థమవుతోంది. అయితే ఆ రెండు వరసలనూ మరొక్కసారి పరిశీలించమని ఆమెకు చెప్పండి. తేడాలో ధ లేనే లేదు. మీరు 2,000 రూపాయల బట్టలు కొన్నా, 60,000 రూపాయల పెళ్లిబట్టలు కొన్నా ఆ తేడా 100 రూపాయలే. ఎందుకంటే ముందు కూపన్ తీసేసినప్పుడు దుకాణం 20 శాతం తగ్గించింది మీ బట్టల మీద మాత్రమే కాదు, మీ కూపన్ విలువ మీద కూడా. అయిదు వందల కాగితం నాలుగు వందలకే చెల్లింది. శాతాన్ని భిన్నంగా రాసి కూపన్ విలువతో గుణిస్తే ఎప్పుడైనా తేడా వచ్చేస్తుంది: 0.20 × 500 = 100. బిల్లు మొత్తం తెలియకపోయినా వరస వల్ల ఎంత పోతుందో దుకాణంలో అడుగు పెట్టకముందే చెప్పవచ్చు.

రెండు సంయుక్త ప్రమేయాల ప్రదేశాలు, అంటే అవి ఏ ధరలకు వర్తిస్తాయో ఆ పరిధులు, కూడా వేరువేరుగా ఉన్నాయి. బిల్లు సున్నా కంటే కిందికి పోకూడదు అనుకుంటే, ముందు కూపన్ తీసేటప్పుడు ధర కనీసం 500 ఉంటే చాలు. ముందు శాతం తగ్గించినప్పుడు, తగ్గించాక మిగిలింది కనీసం 500 ఉండాలి కాబట్టి అసలు ధర 625 ఉండాలి. సంయుక్త ప్రమేయం రాయమంటే సూత్రం రాసి ప్రదేశాన్ని వదిలేసే విద్యార్థులు ఎక్కువ. ఇలాంటి ఒక హద్దే కాసేపట్లో మీ బిల్లులో 356 రూపాయల తేడా తెస్తుంది.

రెండూ శాతాలే అయితే వరసతో పనిలేదు. 20 శాతం తరవాత 10 శాతమైనా, 10 తరవాత 20 అయినా ధరను 0.72తో గుణించడమే. తగ్గింది 28 శాతం, 30 కాదు. హోల్‌సేల్‌లో ఇలా ఒకదాని తరవాత ఒకటిగా ఇచ్చే 10, 5 శాతాల తగ్గింపును "పది ప్లస్ అయిదు" అంటారు. నేను కొత్తగా చేరిన రోజుల్లో 84,000 రూపాయల సరుకుకు ఇలాంటి ముదరా (టోకు తగ్గింపు) ఇస్తే, రెండూ కలిపి 15 శాతం అనుకుని 12,600 తగ్గించి బిల్లు రాశాను. మా షావుకారు బిల్లు చేత్తో పట్టుకుని, పెన్సిలుతో ఆ ప్లస్ గుర్తు చుట్టూ సున్నా చుట్టి, "ఇది కూడిక కాదు నాయనా, ఒకదాని తరవాత ఒకటి" అన్నారు. 84,000లో 10 శాతం పోగా 75,600, అందులో 5 శాతం 3,780. మొత్తం తగ్గవలసింది 12,180. నేను 420 రూపాయలు ఎక్కువ వదిలేశాను. చదువుకున్న సంయుక్త ప్రమేయానికి ప్రాణం ఉందని నాకు ఆ పెన్సిలు సున్నాలో మొదటిసారి కనిపించింది. హమాలీ, ప్యాకింగ్ ఖర్చులు కలిపే చోట మాత్రం వరసకు విలువ ఉంటుంది. అవి బిల్లులో కలిపాక ముదరా తీస్తే కొన్నవారికి లాభం, ముదరా తీశాక కలిపితే అమ్మినవారికి లాభం.

శాతమూ శాతమూ కలిసినప్పుడు వినిమయ ధర్మం, అంటే వరస మార్చినా ఫలితం మారకపోవడం, ఉండి, శాతమూ కూపనూ కలిసినప్పుడు ఎందుకు లేదో మీ అమ్మాయి అడిగితే, లెక్క చూపించి ఊరుకోకుండా కారణం చెప్పండి. శాతం తగ్గింపు మార్చకుండా వదిలేసే ధర ఒక్కటే ఉంది, అది సున్నా. ఇలా ప్రమేయం కదిలించని విలువను స్థిర బిందువు అంటారు. కూపన్ మాత్రం ఏ ధరనూ ఉన్నచోట ఉండనివ్వదు, దానికి స్థిర బిందువే లేదు. ఇప్పుడు కాగితం మీద మైనస్ సంఖ్యలను కూడా అనుమతించి సున్నా దగ్గర రెండు వరసలనూ చూద్దాం. ముందు శాతం అంటే సున్నా సున్నాగానే ఉండి, కూపన్ తరవాత −500 అవుతుంది. ముందు కూపన్ అంటే −500 అయ్యాక శాతం దాన్ని −400 చేస్తుంది. రెండు వరసలూ సమానం కావాలంటే శాతం −500ను కూడా కదిలించకూడదు, కానీ దాని స్థిర బిందువు సున్నా ఒక్కటే. అందువల్ల సమానం కాలేవు. ధరను ఒక సంఖ్యతో గుణించి మరొకటి కలిపే ఏ రెండు ప్రమేయాలకైనా ఈ పరీక్ష వర్తిస్తుంది. ఒకదానికి ఒకే ఒక స్థిర బిందువు ఉంటే, రెండోది కూడా ఆ బిందువును కదిలించకుండా ఉన్నప్పుడే వాటి వరస మార్చవచ్చు. ఇంటర్ పాఠంలో దీన్ని అడగరు, అయినా ఆ వయసులో ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరని నా అనుభవం.

ఇక కార్డు. అన్నిటికంటే ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే, ఎందుకంటే కార్డు తగ్గింపు ఒకే సూత్రంతో రాయగల ప్రమేయం కాదు. దాన్ని కా అనుకుంటే, ధ 4,500 కంటే తక్కువైతే కా(ధ) = ధ, అంటే ఏమీ జరగదు. 4,500 నుంచి 7,500 వరకు కా(ధ) = 0.90ధ. 7,500 దాటాక 750 పరిమితి వస్తుంది కాబట్టి కా(ధ) = ధ − 750. ఈ మూడు ముక్కల ప్రమేయం ఆరోహణ ప్రమేయం కాదు, అంటే ధర పెరిగినప్పుడల్లా ఫలితం కూడా పెరుగుతుందని లేదు. 4,499 కట్టవలసినవారు 4,499 కడతారు, 4,500 కట్టవలసినవారు 4,050 కడతారు. గ్రాఫులో గీత 4,500 దగ్గర ఒక్కసారిగా 450 రూపాయలు కిందికి పడుతుంది. తక్కువ ధరకు తక్కువ బిల్లు అనే మన సహజమైన నమ్మకం ఆ ఒక్కచోట పనిచేయదు.

మీ బిల్లును రెండు దారుల్లో నడిపిద్దాం. దుకాణం వేసిన వరసలో 6,200 నుంచి 5,700కు, అక్కడి నుంచి 4,560కి వచ్చారు. 4,560 ఆ 4,500 హద్దు గీతకు పైన ఉంది, 10 శాతం తగ్గి 4,104 అయింది. మీ అమ్మాయి వరసలో 6,200 నుంచి 4,960కి, అక్కడి నుంచి 4,460కి వస్తారు. 4,500కు 40 రూపాయలు తక్కువ కావడంతో కార్డు ఏమీ ఇవ్వదు. కూపన్ మీద ఆదా చేసిన 100 రూపాయలే మిమ్మల్ని గీత కిందికి నెట్టి 456 రూపాయల కార్డు తగ్గింపును పోగొట్టేవి.

ఇది ఎప్పుడూ జరిగేది కాదు, ఎంత మేరకు జరుగుతుందో కూడా తేల్చుకోవచ్చు. ముందు కూపన్ తీసే వరసలో కార్డు దక్కాలంటే 0.80ధ − 400 కనీసం 4,500 కావాలి, అంటే ధ కనీసం 6,125. ముందు శాతం తీసే వరసలో 0.80ధ − 500 కనీసం 4,500 కావాలి, అంటే ధ కనీసం 6,250. కాబట్టి 6,125 నుంచి 6,250 లోపు, ఈ 125 రూపాయల ఇరుకు సందులో మాత్రమే ముందు కూపన్ తీయడం మీకు లాభం. 6,125 కంటే తక్కువైతే రెండు వరసల్లోనూ కార్డు దక్కదు గనుక ముందు శాతమే మేలు, 100 రూపాయలు మిగులుతాయి. 6,250 నుంచి రెండింటిలోనూ కార్డు దక్కుతుంది, ముందు శాతమే మేలు, కానీ కార్డు ఆ 100లో కూడా పదో వంతు తగ్గించేస్తుంది కాబట్టి మిగిలేది 90. అసలు ధర 10,000 చేరాక రెండు దారుల్లోనూ 750 పరిమితి తగులుతుంది, తేడా మళ్లీ 100కు వస్తుంది. మీ 6,200 సరిగ్గా ఆ ఇరుకు సందులో పడింది.

ఇంకో 50 రూపాయల కర్చీఫ్ ఒకటి తీసుకుని, ముందు శాతం తీయమని అడిగి ఉంటే 6,250 నుంచి 5,000, 4,500, చివరికి 4,050 అయ్యేది. వస్తువు ఒకటి ఎక్కువ, బిల్లు 54 రూపాయలు తక్కువ.

మూడు ప్రమేయాలకు ఆరు వరసలు ఉంటాయి కదా, మిగిలిన నాలుగూ ఎందుకు చూడలేదని పాప అడగవచ్చు. కాగితం మీద చూడవచ్చు: కార్డు తరవాత కూపన్ చివర తీస్తే 3,964 వస్తుంది, అన్నిటికంటే తక్కువ అదే. కానీ బ్యాంకుకు కనిపించేది కార్డు గీసిన మొత్తం ఒక్కటే, మీ కూపన్ గానీ చీటీ ధర గానీ దానికి తెలియదు. అందువల్ల కా ఎప్పుడూ అన్నిటికంటే బయటి ప్రమేయం. నిజంగా మన చేతిలో ఉన్నవి శ, కూ వరస రెండే.

జీఎస్టీని కూడా చాలామంది ఈ లెక్కలో కలిపి అడుగుతారు కాబట్టి కొద్దిగా చెబుతాను. మీ దుకాణంలో చీటీ మీద ఉన్నది పన్నులతో కలిపిన ధర గనుక మీ లెక్క మారదు. పన్ను విడిగా వేసే చోట, అమ్మకం సమయంలోనే ఇచ్చి బిల్లులో చూపించిన తగ్గింపును పన్ను లెక్క నుంచి మినహాయించాలని 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతుంది. అంటే ముందు తగ్గింపు, ఆ తరవాత పన్ను. రెండూ శాతాలే గనుక వరస ఏదైనా ఒకటేనని మనం ఇందాక నేర్చుకున్న మాటను ఇక్కడ తొందరపడి వాడకూడదు. రెడీమేడ్ దుస్తులకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు 5 శాతం, దాటితే 18 శాతం పన్ను. పన్నుకు ముందు 2,800 ఉన్న డ్రెస్సుకు 20 శాతం తగ్గిస్తే 2,240, దాని మీద 5 శాతంతో 2,352. పన్ను ముందు వేసి ఉంటే 3,304, దానిలో 20 శాతం పోగా 2,643 రూపాయల 20 పైసలు. ఈ పన్ను ప్రమేయం కూడా కార్డు లాగే ఒకచోట గెంతుతుంది, అయితే ఇది పైకి గెంతుతుంది. 2,500కు పన్నుతో 2,625 అవుతుంది, అది దాటిన వెంటనే 2,950 పైకి పోతుంది. 2,625కు, 2,950కి మధ్య ఉన్న ఏ మొత్తమూ ఆ ప్రమేయం వ్యాప్తిలో, అంటే అది ఇవ్వగల ఫలితాల్లో, లేదు. వ్యాప్తి అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను తరగతిలో ఎప్పుడూ చెప్పలేకపోయాను.

బిల్లు చేతికి వచ్చాక దుకాణం ఏ వరస వాడిందో తెలియకపోతే, విలోమ ప్రమేయంతో, అంటే ఫలితం నుంచి అసలు ధరను రాబట్టే లెక్కతో, వెనక్కి నడవండి. చీర మడత విప్పేటప్పుడు చివర వేసిన మడత ముందు విప్పుతాం, ఇక్కడా అంతే. 4,104ను 0.90తో భాగిస్తే 4,560, దాన్ని 0.80తో భాగిస్తే 5,700, దానికి 500 కలిపితే 6,200. చీటీ ధరల మొత్తంతో సరిపోయింది కాబట్టి ముందు కూపన్ తీశారని ఖాయం. శాతం ముందు తీశారనుకుని వెనక్కి నడిస్తే 4,560కి 500 కలిపి 0.80తో భాగించాలి, 6,325 వస్తుంది. అది మీ బట్టల ధర కాదు.

దుకాణం మోసం చేసిందా అన్న మీ అనుమానానికి, కూపన్ మీద ఏం రాసి ఉందో చూడాలి. చాలా కూపన్ల మీద "500 రూపాయల తగ్గింపు" అని మాత్రమే ఉంటుంది, చీటీ ధర మీదనా, తగ్గించిన ధర మీదనా అన్నది ఉండదు. వరస చెప్పని మాట గణితంలో అసంపూర్ణమైన మాట, దాన్ని బిల్లింగ్ కంప్యూటరులో ఎవరో ఒక రకంగా పూరించి పెట్టారు. కౌంటరులో కూర్చున్న అబ్బాయి ఆ వరస ఎంచుకోలేదు, ఎంచుకోగలిగే వీలు కూడా అతనికి చాలాచోట్ల ఉండదు. అందుకే బిల్లు కొట్టకముందే "కూపన్ చీటీ రేటు మీద తీస్తారా, సేల్ రేటు మీద తీస్తారా" అని అడగండి.

రెండో కూపన్ సంగతి. శ్రావణంలోనూ ఇవే ఆఫర్లు ఉంటాయనుకుని చెబుతున్నాను. బిల్లు 6,250 గానీ అంతకు మించి గానీ ఉంటే కూపన్ వాడండి, ముందు శాతం తీయమనండి. 6,125 నుంచి 6,250 లోపు పడితే ముందు కూపన్ తీయనివ్వండి, లేదా చిన్న వస్తువు ఒకటి కలిపి 6,250 చేయండి. 5,625 నుంచి 6,125 మధ్య పడితే అసలు కూపన్ బయటికి తీయకండి. అక్కడ కూపన్ లేకుండానే 20 శాతం తరవాత మీ మొత్తం కనీసం 4,500 ఉంటుంది, కార్డు తగ్గింపు దక్కుతుంది. కూపన్ వాడితే అది పోతుంది. ఉదాహరణకు 6,000 రూపాయల బట్టలకు కూపన్ లేకుండా కట్టేది 4,320. కూపన్ వాడి, ముందు శాతమే తీయించుకున్నా కట్టేది 4,300. అయిదు వందల కూపన్‌ను ఇరవై రూపాయలకు ఖర్చు చేసినట్టవుతుంది. ముందు కూపన్ తీస్తే 4,400, అంటే కూపన్ ఇచ్చి మరీ 80 రూపాయలు ఎక్కువ కట్టినట్టు. 5,625 కంటే తక్కువ బిల్లుకు కార్డు ఎలాగూ దక్కదు కాబట్టి కూపన్ నిశ్చింతగా వాడుకోవచ్చు, ముందు శాతం తీయిస్తే పూర్తి 500కూ అది చెల్లుతుంది.